పాత స్టాంపు అసలా, నకిలీనా? లెన్సు, యూవీ లైటు, సర్టిఫికెట్టు: ఏది మేలు?

పాత స్టాంపులు చూస్తాడని పేరు పడితే చాలు, తిరుపతిలో ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెడతారు. "అన్నా, మా తాత ట్రంకు పెట్టెలో దొరికింది. విక్టోరియా రాణి బొమ్మ. ఎంతొస్తుంది?" ఆశ లక్షల దగ్గరే మొదలవుతుంది. ఫొటో చూసి అసలో నకిలీయో తేల్చేసేవాళ్ళను నేను నమ్మను. ఫోన్ కెమెరా రంగును తన ఇష్టానికి మార్చేస్తుంది. కాగితం మందం చూపదు. సిరా పైకి లేచి ఉందో, కాగితంలో ఇంకిపోయిందో చెప్పదు. అందుకే ఫొటోను ముందే పక్కన పెట్టేద్దాం. ఇక మిగిలేవి మూడు దారులు: లెన్సు, యూవీ లైటు, నిపుణుల సర్టిఫికెట్టు. వాటర్‌మార్క్ (కాగితంలోనే కలిసి ఉండే గుర్తు) చూడటం, పళ్ళు (అంచున వరసగా ఉండే రంధ్రాలు) లెక్కపెట్టడం లాంటివి లెన్సుకు తోడుగా వస్తాయి.

నా ఓటు లెన్సుకే. అయితే దాని పక్కన అదే కాలానికి చెందిన చవకైన అసలు స్టాంపు ఒకటి ఉండాలి. ఆ రెండో వస్తువు లేకపోతే లెన్సు సగం పనే చేస్తుంది.

నగల కొట్లలో రాళ్ళు చూడటానికి కంటికి ఆనించుకునే పది రెట్ల లూప్ ఉంటుంది కదా, అదే చాలు. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాంతో రాణి ముఖం కన్నా ముందు సిరాను చూడాలి. తొలినాటి స్టాంపులు రకరకాల పద్ధతుల్లో అచ్చయ్యాయి, ఒక్కో పద్ధతిలో సిరా కాగితం మీద ఒక్కోలా కూర్చుంటుంది. 1840లో ఇంగ్లండులో వచ్చిన పెన్నీ బ్లాక్ ఉక్కు పలక మీద చెక్కిన గాడుల్లో సిరా నింపి అచ్చు వేసింది. అందులో గీతలు కాగితం మీద సన్నటి గట్లలా లేచి కనిపిస్తాయి. ఈస్టిండియా పేరుతో 1855 నుంచి లండన్‌లో డి లా ర్యూ కంపెనీ వేసిన స్టాంపులు ఎత్తు అచ్చుతో, అంటే పైకి లేచి ఉన్న గీతల మీద సిరా పూసి నొక్కే పద్ధతిలో, వచ్చాయి. అచ్చు నొక్కినప్పుడు సిరా గీత అంచులకు జరుగుతుంది కాబట్టి ప్రతి గీతకూ అంచున కాస్త ముదురు రంగు ఉంటుంది, వెనక్కి తిప్పితే కొన్నిసార్లు నొక్కు కూడా కనిపిస్తుంది. రాతి అచ్చు, అంటే లిథో, చదునుగా ఉంటుంది. గట్టూ ఉండదు, ముదురు అంచూ ఉండదు.

ఇప్పుడు మన 1854 స్టాంపుల సంగతి. దేశమంతటికీ చెల్లే తొలి స్టాంపులు ఆ ఏడాది అక్టోబరు 1న వాడుకలోకి వచ్చాయి. కలకత్తా సర్వే ఆఫీసులో కెప్టెన్ థుయిలియర్ చేతి మీదుగా అరణా నీలం, అణా ఎరుపు, ఎరుపు నీలం రెండు రంగుల నాలుగణాల స్టాంపు లిథోలో అచ్చయ్యాయి. ఆకుపచ్చ రెండణాల స్టాంపు మాత్రం కలకత్తా టంకశాలలో రాగి అచ్చులతో, ఎత్తు పద్ధతిలో వచ్చింది. ఒకే సిరీస్, రెండు పద్ధతులు. ఇది తెలిస్తే లెన్సు ఎంత పని చేస్తుందో చూడండి: రెండణాల స్టాంపు మరీ చదునుగా ఉంటే అనుమానించాలి. అరణా నీలానికి వెనక నొక్కు కనిపించినా అనుమానించాలి.

ఈ మధ్య చేతులు మారుతున్న నకిలీల్లో కంప్యూటర్ ప్రింట్లు చాలానే ఉంటున్నాయి. అవి లెన్సు కింద ఒక్క నిమిషం నిలవవు. అసలు స్టాంపులో నీలం ఒకే సిరా. ప్రింటర్‌లో వచ్చిన నీలం దగ్గరగా చూస్తే నీలం, గులాబీ, పసుపు చుక్కలుగా విడిపోతుంది. అలాంటిది కనబడితే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

చిక్కంతా పాత నకిలీలతోనే. పందొమ్మిదో శతాబ్దంలోనే హాంబర్గ్‌లో స్పిరో సోదరులు, ఆ తర్వాత జెనీవాలో ఫ్రాన్సువా ఫోర్నియే లాంటివాళ్ళు నకిలీలను కట్టలు కట్టలుగా వేశారు. ఫోర్నియే అయితే వాటిని 'నకళ్ళు' అని చెప్పే అమ్మేవాడు. కొన్నవాళ్ళ మనవలు వాటిని అసలైనవిగా అమ్ముతున్నారు, అది వేరే సంగతి. డి లా ర్యూ స్టాంపుకు చేసిన లిథో నకిలీని లెన్సు పట్టేస్తుంది, ఎందుకంటే పద్ధతే వేరు. 1854 లిథోకు లిథోలోనే నకిలీ చేస్తే మాత్రం సిరా ఒక్కటే చాలదు, బొమ్మ వివరాల్లోకి దిగాలి. అరణా స్టాంపులో పక్క అంచు వెంబడి కమానుల్లాంటి నగిషీ ఉంటుంది. విడుదలైన నీలం స్టాంపులో అవి 8. ముందుగా అచ్చు వేసి, విడుదల చేయకుండా ఆపేసిన సింధూర రంగు స్టాంపులో 9½. ఇలాంటి లెక్కలు గుర్తు పెట్టుకోవడం కన్నా పక్కన అసలు పెట్టుకుని చూడటమే తేలిక. పల్లెటూళ్ళో పాలు చిక్కగా ఉన్నాయో లేదో ఎవరూ పుస్తకం చూసి చెప్పరు, ఇంటి గేదె పాలతో పోల్చి చెబుతారు. ఇదీ అంతే.

1854వి ఖరీదు కాబట్టి పోలికకు ఈస్టిండియా అరణా నీలం కొనుక్కోండి. 1865 నుంచి ఏనుగు తల వాటర్‌మార్క్‌తో వచ్చిన ఈ స్టాంపును లెక్కలేనంతగా వేశారు, వాడినది ఇప్పటికీ చవకే. దాన్ని వారం రోజులు లెన్సు కింద చూస్తూ ఉంటే ఎత్తు అచ్చు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. ఆ తర్వాత చేతికొచ్చే నకిలీ తనంతట తానే తేడాగా కనిపిస్తుంది.

వాటర్‌మార్క్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది అతిగా నమ్ముతారు. ఏనుగు తల సిరీస్‌లో ప్రతి స్టాంపు వెనకా ఒక తల ఉండాలి. 1882లో 'ఇండియా పోస్టేజ్' అని పేరు మారిన సిరీస్‌లో నక్షత్రం ఉండాలి. అక్కడ ఈ పరీక్ష గట్టిది. 1854 స్టాంపుల్లో మాత్రం ఈస్టిండియా కంపెనీ చిహ్నం మొత్తం షీటుకంతా ఒక్కటే పెద్దగా ఉంటుంది. విడి స్టాంపు మీద దాని ముక్క పడవచ్చు, అసలేమీ పడకపోవచ్చు. వాటర్‌మార్క్ లేదని అసలు స్టాంపును నకిలీ అనేసినవాళ్ళున్నారు. నల్లటి పళ్ళెంలో స్టాంపును బోర్లా వేసి రెండు చుక్కలు లైటర్ ఫ్లూయిడ్ పోస్తే వాటర్‌మార్క్ తేలుతుంది. వెంటనే అంటుకునే ద్రవం కాబట్టి పూజ గదిలో దీపం దగ్గరా, వంటింట్లోనూ చేయకండి. ఈ పరీక్షకు ఇంకో లాభం ఉంది: చిరిగిన అంచుకు కొత్త కాగితం అతికి ఉంటే ఆ అతుకు కూడా బయటపడుతుంది. నాలుగణాల స్టాంపును అప్పట్లో చాలామంది ఎనిమిది మూలల ఆకారానికి కత్తిరించి అంటించేవాళ్ళు. వాటికి తర్వాత అంచులు అతికి నలుచదరంగా మార్చి అమ్మితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పళ్ళ కొలత చిన్న పని. రెండు సెంటీమీటర్లకు ఎన్ని రంధ్రాలున్నాయో గేజ్‌తో చూడటమే. ఈస్టిండియా స్టాంపులకు 14 రావాలి. పళ్ళున్న స్టాంపును కత్తిరించి పళ్ళు లేనిదిగా చూపేవాళ్ళూ ఉంటారు, అందుకే పళ్ళు లేని స్టాంపు కొంటే నాలుగు వైపులా అంచు వెడల్పుగా ఉన్నదే కొనాలి.

ఇక యూవీ లైటు. దొంగ నోట్లు చూసే లైటు ఉన్న కొట్టుకు వెళ్ళి ఉచితంగా చూపించుకోవచ్చని మా వైపు కొందరి తెలివి. తప్పేం లేదు. సుమారు 1950ల నుంచి కాగితం తెల్లగా మెరవాలని అందులో రసాయనాలు కలపడం మొదలైంది. అలాంటి కాగితం యూవీ కింద నీలం తెలుపుగా ధగధగలాడుతుంది. విక్టోరియా కాలపు కాగితం మసకగా ఉంటుంది. కాబట్టి మెరిస్తే కొత్త కాగితం అనుకోవచ్చు. అయితే రెండు షరతులున్నాయి. ఎవరో పుణ్యాత్ముడు పాత స్టాంపును మురికి పోవాలని బట్టల పౌడర్ నీళ్ళలో నానబెట్టి ఉంటే అసలు స్టాంపూ మెరుస్తుంది. నకిలీగాడు పాత కాగితం మీదే అచ్చు వేస్తే నకిలీ కూడా మెరవదు. అంటే మెరిసిందా లేదా అన్నదాన్ని బట్టి తీర్పు చెప్పలేం.

మరి యూవీ దేనికి పనికొస్తుంది? నా ఉద్దేశంలో రిపేరీలు పట్టుకోవడానికి. పెన్నుతో కొట్టేసిన గీతలను రసాయనాలతో చెరిపి, పైన దొంగ పోస్టు ముద్ర వేసి, తపాలాలో వాడినట్టు అమ్మడం పాత మోసం. ఆనాటి ఇనుప సిరా కంటికి కనపడకుండా పోయినా యూవీ కింద నల్లటి నీడగా మిగులుతుంది. ఈ ఒక్క పనిలో లెన్సు కన్నా యూవీ మేలు, ఒప్పుకోవాలి.

సర్టిఫికెట్టు దగ్గరికి వచ్చేముందు జాన్ ద స్పెరాటి గురించి చెప్పకుండా ఉండలేను. ఇటలీలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ ఈ మనిషి చవక పాత స్టాంపుల మీది అచ్చును రసాయనాలతో కడిగేసి, అదే కాగితం మీద ఖరీదైన స్టాంపు బొమ్మ వేసేవాడు. కాగితం అసలు, కొన్నిసార్లు పోస్టు ముద్ర కూడా అసలు. 1942లో అతను లిస్బన్‌కు పంపుతున్న స్టాంపులను ఫ్రెంచి కస్టమ్స్ పట్టుకుంది. విలువైన స్టాంపులను అనుమతి లేకుండా ఎగుమతి చేస్తున్నాడని కేసు పెట్టింది. నిపుణులు వాటిని చూసి అసలువే అన్నారు. "అయ్యా, ఇవి నేను చేసినవి" అని అతనే చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ అతని సరుకు మొత్తం కొనేసి బజారులోకి రాకుండా చేసింది. అతని పనిమీద యూవీ, వాటర్‌మార్క్ రెండూ మూగబోతాయి. అతను వాడింది ఫొటో ఆధారంగా చేసే చదును అచ్చు కాబట్టి, చెక్కడం అచ్చులోనో ఎత్తు అచ్చులోనో రావాల్సిన స్టాంపైతే సిరా కూర్చున్న తీరు దగ్గర దొరికిపోతాడు. లెన్సుకు ఓటు వేయడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం లేదు.

అలాగని సర్టిఫికెట్టు దండగ అనడం లేదు. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల కమిటీ లాంటి చోట్ల స్టాంపును చేతిలో పెట్టుకుని, తమ దగ్గరున్న పాత నమూనాలతో పోల్చి రాసిస్తారు. అమ్మేటప్పుడు అదే మాట చెల్లుతుంది. మన మాట చెల్లదు. కానీ స్టాంపును విదేశానికి పంపాలి, ఇన్సూరెన్సు, ఫీజు కట్టాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. పోస్టులో పోతుందేమోనన్న టెన్షన్ అదనం. వెయ్యి రూపాయల స్టాంపుకు ఇదంతా చేస్తే అసలుకే ఎసరు. సర్టిఫికెట్టుతో పాటు వస్తున్న స్టాంపు కొంటుంటే కాగితం మీది ఫొటోను, చేతిలో ఉన్న స్టాంపును పక్కపక్కన పెట్టి పోస్టు ముద్ర ఎక్కడ పడిందో, అంచులు ఎలా తెగాయో చూడాలి. అసలు సర్టిఫికెట్టుకు వేరే స్టాంపు జత చేయడం కొత్తేమీ కాదు. అమ్మేవాడు తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే గ్యారంటీని సర్టిఫికెట్టు అనుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

కొన్నిటికి మాత్రం వేరే దారే లేదు. 1852లో బార్టిల్ ఫ్రేర్ సింధ్ రాష్ట్రంలో తెచ్చిన సింధ్ డాక్ ఆసియాలోనే తొలి స్టాంపు. తెల్లదానిలో సిరా అనేదే లేదు, వట్టి నొక్కు. ఎర్రది లక్క బిళ్ళలాంటి పెళుసు సరుకు మీద వేసింది, వేలు తగిలితే విరిగేది. అక్కడ మన లెన్సు అనుభవం అక్కరకు రాదు. సింధ్ డాక్ ఐదు వేలకు ఇస్తానని ఎవరైనా అంటే లెన్సు తీయాల్సిన శ్రమ కూడా అక్కర్లేదు. 1948 గాంధీ పది రూపాయల స్టాంపు మీద ప్రభుత్వ వాడకానికని 'సర్వీస్' అని అచ్చు కొట్టింది 100 మాత్రమే. మామూలు గాంధీ స్టాంపు మీద ఆ మాట దొంగగా కొట్టినవి ఎక్కడైనా తగులుతాయి. అలాంటిదీ నేరుగా సర్టిఫికెట్టు కేసే.

మన జిల్లాల వాళ్ళకు నేను ఇచ్చే సలహా ఇంకొకటి: విడి స్టాంపు కన్నా కవరు మీద ఉన్న స్టాంపు మేలు. ఒక్క స్టాంపు నకిలీ చేయడం తేలిక. చిరునామా, తేదీ, ఊరి ముద్ర, చార్జీ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కవరు చేయడం కష్టం. ఇక్కడ మన ఊళ్ళ చరిత్రే మనకు లెన్సు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు, తిరుపతి రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లా, మదనపల్లె కడప జిల్లా. 1890 తేదీ ముద్ర ఉండి చిరునామాలో 'చిత్తూరు జిల్లా' అని ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. తిరుపతి పేరు ఆనాటి ఇంగ్లీషు రాతల్లో 'ట్రిపెట్టి' అని కనిపిస్తుంది, అది చూసి తప్పనుకోకండి. 1843 నుంచి 1933 వరకు కొండ మీది గుడి హథీరాంజీ మఠం మహంతుల విచారణలో ఉంది. ఆ కాలంలో విచారణకర్తకు వచ్చిన కవరైతే దానికి పోటీ ఎక్కువ, అంతే జాగ్రత్తా కావాలి.

పోస్టుకార్డులు మన దేశంలో మొదలైంది 1879 జులైలో, కాలణాకు. అంతకుముందు తేదీతో పోస్టుకార్డు చూపిస్తే నవ్వి వచ్చేయొచ్చు. 1854లో పావు తులం బరువున్న ఉత్తరానికి అరణా, అర తులానికి అణా. కవరు లావు చూసి, మీద ఎన్ని అణాల స్టాంపుందో చూడండి. సరిపోకపోతే ఎవరో విడి స్టాంపును తెచ్చి పాత కవరు మీద అంటించి ఉంటారు. ముద్రలో సగం స్టాంపు మీద, సగం కవరు మీద ఉండి, గీతలు తెగకుండా ఒకే వరసలో కలుస్తున్నాయా అన్నది లెన్సుతోనే చూడాలి. అది చూసేవరకు స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. కాశ్మీరు తొలి స్టాంపుల్లాంటివైతే అసలే నానబెట్టకూడదు, నీటి రంగులతో వేసినవి ఉంటాయి, కళ్ళముందే కరిగిపోతాయి.