మా క్లస్టర్‌కి కేఎయిట్స్‌జీపీటీ కలిపి ఏడాదిన్నర అయింది, నా అనుభవం ఇదీ

మాది అనంతపురం, సప్తగిరి సర్కిల్ దగ్గర నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు, మండీలకీ లారీ కాటాలకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. సర్వర్లు క్లౌడ్‌లో లేవు, వెనక రూములో మూడు మినీ పీసీలు, వాటిని కలిపి ఒక్క క్లస్టర్‌గా నడిపేకి కేత్రీఎస్, అంటే కుబెర్నెటీస్‌లో చిన్న రకం, మన ప్రోగ్రాములను ఆ మెషిన్ల మీద నడిపి చూసుకునే సాఫ్ట్‌వేర్. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నెలనెలా కరెంటు బిల్లు తప్ప ఇంకేం కట్టేది లేదు మాకు.

క్లస్టర్లో తప్పులు పట్టేకి ముందు ఒక పెయిడ్ టూల్ ట్రయల్ తీసుకున్నాం, పేరెందుకులే, కనెక్ట్ చేయాలంటే క్లస్టర్ అడ్మిన్ పర్మిషన్ కావాలంది, అంటే సీక్రెట్లు (పాస్‌వర్డ్లు, కీలు) చదివేదీ పాడ్లు (క్లస్టర్లో నడిచే ప్రోగ్రాములు) డిలీట్ చేసేదీ అన్నీ దాని చేతికే. బాడుగకి ఇల్లు చూసేకి వచ్చినోడికి బీరువా తాళం ఇచ్చినట్టుంది యవ్వారం. అది పీకేసి, అదే పని చేసే కేఎయిట్స్‌జీపీటీకి వచ్చినాం. ఓపెన్ సోర్స్, సీఎన్‌సీఎఫ్ (కుబెర్నెటీస్‌ని చూసుకునే సంస్థ) శాండ్‌బాక్స్‌లో, అంటే తొలి దశ ప్రాజెక్టుల్లో ఉంది. నాకు నచ్చింది ఏందంటే ఏఐ లేకుండా కూడా పనిచేస్తుంది, అనలైజ్ అని కొడితే యాడ తప్పుందో లిస్టు ఇస్తుంది, కమాండ్‌కి ఎక్స్‌ప్లెయిన్ ఫ్లాగ్ పెడితేనే వివరణ కోసం ఏఐ దగ్గరికి పోతుంది.

కలిపేకి పది నిమిషాలు కూడా పట్టలేదు. దానికని ఒక సర్వీస్ అకౌంట్ (టూల్ వాడుకునే ఖాతా) చేసి, కుబెర్నెటీస్‌తో పాటే వచ్చే వ్యూ రోల్ (చూసేకి మాత్రమే పర్మిషన్) ఇచ్చినాను, దాంట్లో సీక్రెట్లు కనపడవు, సేఫ్ అనుకున్నా. మొదటి వారంలోనే పని తగిలింది. నెలాఖరు రిపోర్టులు చేసే పాడ్ పడి లేస్తాంది, లేచి పడతాంది, మేమేమో డేటాబేస్ కనెక్షన్ మీద పడి కొట్టుకుంటాన్నాం. ఇది ఒక్క లైన్లో చెప్పేసింది, పోయినసారి చచ్చింది ఓఓఎంకిల్డ్ అని, అంటే మెమరీ చాలక. మెమరీ లిమిట్ 512 ఎంబీ పెట్టి మర్చిపోయింది నేనే. ఎగ్జిట్ కోడ్ 137 కనపడతానే ఉంది, 128కి 9 కలిపితే 137, అంటే సిగ్‌కిల్, బలవంతంగా చంపేసినట్టు అని తెలిసినా ఆ టెన్షన్లో ఎవురికి గుర్తొస్తుంది చెప్పండి.

అసలు దెబ్బ రెండు నెలలకి తగిలింది. పొద్దున్నే పదిన్నరకి ఫోను, కాటా చీటీ ప్రింట్ కావడంలేదు, బయట లారీలు లైన్లో ఉన్నాయంట. అనలైజ్ కొడితే రెడిస్ (డేటా పెట్టుకునే సాఫ్ట్‌వేర్) సర్వీస్‌కి ఎండ్‌పాయింట్లు లేవు, అంటే దాని వెనక నడిచే పాడ్ లేదు అని వచ్చింది, ఎక్స్‌ప్లెయిన్ పెడితే ఏఐ ఎంతో నమ్మకంగా సెలెక్టరూ లేబులూ (సర్వీస్ తన పాడ్‌ని గుర్తుపట్టే పేర్లు) మ్యాచ్ అయినట్టు లేదు చూసుకోండి అనింది. ముప్పావుగంట ఆ యామ్ల్ (సెట్టింగ్స్) ఫైళ్లు అక్షరం అక్షరం చూసినాను. లేబుళ్లు బాగానే ఉన్నాయి. మావోడు టీ తాగేకని లేచి వెనక రూములోకి పోయి చూస్తే మూడో పీసీకి లైటే లేదు, అడాప్టర్ పిన్ను ఊడొచ్చింది! నోడ్ (క్లస్టర్లో ఒక్కో మెషిన్) పోయింది, రెడిస్ స్టేట్‌ఫుల్‌సెట్ (డేటా దాచుకునే పాడ్ల రకం) కాబట్టి ఆ పాడ్ టెర్మినేటింగ్‌లోనే, అంటే ఆగీ ఆగనట్టు ఉండిపోయింది, నోడ్ తిరిగొచ్చేదాకానో మనం ఫోర్స్ డిలీట్ కొట్టేదాకానో కొత్తది లేవదు కదా.

మరి టూల్ నోడ్ పోయిందని ఎందుకు చెప్పలేదంటే, చెప్పేకి దానికి కనపడితే కదా. వ్యూ రోల్‌లో నోడ్లు రావు, అవి ఏ నేమ్‌స్పేస్‌లోనూ (క్లస్టర్లో మనం చేసుకునే విభాగం) ఉండవు కాబట్టి. అవుట్‌పుట్‌లో లిస్టుకి పైన వార్నింగ్స్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది, అక్కడ నోడ్స్ ఫర్బిడెన్ (చూసేకి పర్మిషన్ లేదు) అని రెండు నెలలుగా రోజూ రాస్తానే ఉంది పాపం, నేనే దాన్ని ఎప్పుడూ చదవలేదు. నోడ్లకి గెట్, లిస్ట్, వాచ్ మాత్రం ఇస్తూ ఇంకో క్లస్టర్ రోల్ (క్లస్టర్ మొత్తానికి పనిచేసే పర్మిషన్) రాసినాక సరిపోయింది. మీరు ఇది ఇప్పుడే పెట్టుకుంటాంటే కుబెర్నెటీస్ కమాండ్ టూల్ కుబ్‌సీటీఎల్‌లో ఆథ్ క్యాన్-ఐ కమాండ్‌తో ఆ అకౌంట్ పేరు మీద నోడ్లు లిస్ట్ చేయొచ్చా అని ముందే అడిగి చూడండి, యెస్ రావాల.

ఇంగొకటి, ఇది ఇప్పుడు ఏముందో అదే చూస్తుంది. రాత్రి రెండుకి పడి రెండున్నరకి దానంతటదే లేచిన పాడ్ గురించి పొద్దున ఆరుకి అడిగితే నో ప్రాబ్లమ్స్ డిటెక్టెడ్ అంటుంది, చిరాకేస్తుంది. కుబెర్నెటీస్ ఈవెంట్లు (ఏం జరిగిందో అది రాసుకునే నోట్లు) డిఫాల్ట్‌గా ఒక గంటే ఉంటాయి, ఆ తర్వాత దానికి మాత్రం యాడ దొరుకుతాయి? అందుకని క్రాన్‌జాబ్ పెట్టి పది నిమిషాలకోసారి జేసన్ అవుట్‌పుట్ ఫైల్లోకి తోస్తున్నాం, ఏఐ లేకుండా ఉత్త అనలైజ్ మాత్రమే. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చింది ఈ ఫైలే. కాకపోతే అందులో టైములు యూటీసీలో పడతాయి, ఐదున్నర గంటలు కలుపుకోవడం మొన్నటిదాకా మర్చిపోతానే ఉన్నా.

డేటా సంగతి. అనానిమైజ్ ఫ్లాగ్ ఉంది, పేర్లు మార్చి ఏఐకి పంపుతుంది, అయితే ఈవెంట్లలో ఉండే మాటలు మారవు, డాక్యుమెంటేషన్లోనే ఉంది ఆ ముక్క. మా నేమ్‌స్పేస్‌లన్నీ కస్టమర్ల పేర్లతో ఉన్నాయి, మండీ సేట్ల పేర్లు బయటికి పోవడం సారుకి ఇష్టంలేదు. అందుకే ఒల్లామా (సొంత మెషిన్ మీదే ఏఐ మోడల్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి పాత డెస్క్‌టాప్ మీద చిన్న మోడల్ నడుపుతున్నాం. మెల్లగా కక్కుతుంది, ఒక్కో జవాబుకి మూడు నాలుగు నిమిషాలు, అయినా మాకు చాలు, ఎందుకంటే ఇప్పుడు వివరణ కంటే లిస్టే ఎక్కువ చూస్తాం. టూల్ మాత్రం తీసేసే ఆలోచన లేదు.

ఒకసారి సరదాగా లాంగ్వేజ్ ఫ్లాగ్‌కి తెలుగు ఇచ్చి చూసినాం. ఇంగ్లీషులో పాడ్ అంటే గింజల కాయ కూడా కదా, ఆ చిన్న మోడల్ పాడ్‌ని "కాయ" చేసేసింది, "మీ కాయ పదే పదే పగిలిపోతోంది, దయచేసి కాయ జ్ఞాపకశక్తి పెంచండి" అని వచ్చింది. చెనిక్కాయల ఊర్లో ఉండి ఇది చదివితే ఎట్లుంటుందో ఊహించుకోండి, ఆ స్క్రీన్‌షాట్ మా ఆఫీసు గ్రూపులో ఇంకా తిరుగుతానే ఉంది.