ఎఫ్ఎక్స్-991 ఈఎస్ ప్లస్: ఏసీ సర్క్యూట్లకు ఇది చాలు

ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్)లో మెష్, నోడల్ లెక్కలు (సర్క్యూట్‌లో కరెంట్లు, వోల్టేజీలు కనుక్కునే పద్ధతులు) డీసీ నుంచి ఏసీలోకి మారగానే క్యాలిక్యులేటర్‌కి అసలు పని మొదలవుతుంది. కాసియో 991లో ఎంఎస్, ఈఎస్ ప్లస్, ఈఎక్స్, సీడబ్ల్యూ అని రకాలున్నాయి. సర్క్యూట్ల మట్టుకు ఈఎస్ ప్లస్ సరిపోతుంది. ఎంఎస్‌లోనూ కాంప్లెక్స్ మోడ్ (3+జే4 లాంటి సంకీర్ణ సంఖ్యలతో లెక్కలు చేసేది) ఉంది గానీ, రియల్ పార్ట్ ఒక తెరమీద, ఇమాజినరీ పార్ట్ ఇంకో తెరమీద చూపిస్తుంది. హడావిడిలో ఒకటి రాసుకుని రెండోది వదిలేయడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఈఎస్ ప్లస్‌లో మోడ్ నొక్కి 2 నొక్కితే కాంప్లెక్స్ మోడ్. ఇక్కడ ఈఎన్‌జీ కీ 'ఐ' అవుతుంది (మనం రాసే జే అదే). షిఫ్ట్‌తో మైనస్ గుర్తు కీ (తీసివేత కీ కాదు, బ్రాకెట్లలో మైనస్ ఉన్నది) నొక్కితే కోణం గుర్తు ∠ వస్తుంది. జవాబు తర్వాత షిఫ్ట్, 2, 3 నొక్కితే పోలార్‌లోకి (పరిమాణం, కోణం), షిఫ్ట్, 2, 4 నొక్కితే మళ్లీ రెక్టాంగులర్‌లోకి (రియల్, ఇమాజినరీ) మారుతుంది. √5 బై 2 లాంటి రూపంలో వస్తే ఎస్-డీ కీతో దశాంశం చేసుకోవాలి.

దీని సత్తా రెండు మెష్‌ల లెక్కలో తెలుస్తుంది. 10∠0° వోల్టుల సోర్స్, దానితో సిరీస్‌లో 4 ఓంలు, రెండు మెష్‌లకూ ఉమ్మడిగా జే4, రెండో మెష్‌లో మిగిలిన కొమ్మ 4−జే4 అనుకోండి. మొదటి మెష్ మొత్తం 4+జే4, ఉమ్మడి పదం −జే4, రెండో మెష్ మొత్తం జే4+4−జే4, అంటే 4. షిఫ్ట్, ఆర్‌సీఎల్ నొక్కి 4+4ఐని ఏ అనే మెమరీలో, −4ఐని బీలో, 4ని సీలో దాచాలి. ఏ×సీ−బీ² చేస్తే డిటర్మినెంట్ 32+16ఐ; దాన్ని డీలో వేయాలి. ఇప్పుడు 10×సీ÷డీ అంటే మొదటి కరెంట్ 1−0.5ఐ, పోలార్‌లో 1.118∠−26.57°. రెండోది −10×బీ÷డీ, అంటే 0.5+ఐ, 1.118∠63.43°. సరిచూసుకోవడం తేలిక: వోల్టేజీ ఆర్ఎంఎస్ అనుకుంటే సోర్స్ ఇచ్చే పవర్ 10×1=10 వాట్లు, రెండు 4 ఓంల రెసిస్టర్లలో చెరో 4×1.25=5 వాట్లు. లెక్క కుదిరింది.

"ఈక్వేషన్ మోడ్ ఉండగా ఈ క్రేమర్ గొడవెందుకు?" అనిపించవచ్చు (పైన డిటర్మినెంట్‌తో చేసిన పద్ధతి పేరే క్రేమర్). ఆ మోడ్ కోఎఫిషియంట్లుగా కాంప్లెక్స్ సంఖ్యలు తీసుకోదు, మ్యాట్రిక్స్ మోడ్ కూడా అంతే. ఈఎక్స్ నాలుగు అన్‌నోన్‌ల దాకా సాధిస్తుంది కాబట్టి, రియల్, ఇమాజినరీ పార్టులు విడదీసి ఇదే లెక్కను అందులో ఎక్కించవచ్చు. రెండు కరెంట్ల రియల్ పార్టులు ముందు, ఇమాజినరీ పార్టులు తర్వాత పెడితే మొదటి వరుస 4, 0, −4, 4, కుడివైపు 10. ఇలా నాలుగు వరుసలకు 20 సంఖ్యలు కొట్టాలి, ఒక్క గుర్తు తప్పినా అంతా పోతుంది. రెండు మెష్‌లకు క్రేమరే వేగం. మూడు కాంప్లెక్స్ మెష్‌లు వస్తే ఈక్వేషన్ మోడ్ సరిపోదు, క్రేమర్ చాలా పొడవవుతుంది. థెవెనిన్‌తో (కొంత భాగాన్ని ఒక సోర్స్, ఒక ఇంపిడెన్స్‌గా కుదించే పద్ధతి) సర్క్యూట్‌ను ముందే తగ్గించుకోవడం మేలు.

క్యాల్క్ కీని చాలామంది ముట్టుకోరు గానీ, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కు అదే ప్రాణం. ఆర్‌సీ లో పాస్ ఫిల్టర్‌లో టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకండ్ అయితే 1÷(1+0.001×ఎక్స్×ఐ) అని ఒకసారి కొట్టి, క్యాల్క్ నొక్కి ఎక్స్ స్థానంలో ఒమేగా (కోణీయ ఫ్రీక్వెన్సీ) విలువలు మార్చుకుంటూ పోవడమే. 100 దగ్గర 0.995∠−5.71°, 1000 దగ్గర 0.707∠−45°, 10000 దగ్గర 0.0995∠−84.29°. బోడె ప్లాట్‌కు (ఫ్రీక్వెన్సీతో పరిమాణం, కోణం ఎలా మారతాయో చూపే గ్రాఫ్) పాయింట్లు సిద్ధం.

ట్రాన్సియెంట్లలో (స్విచ్ వేసిన వెంటనే వచ్చే తాత్కాలిక మార్పుల లెక్కల్లో) మోడ్ 5, 3తో క్వాడ్రాటిక్ రూట్లు నేరుగా వస్తాయి. ఆర్ 4 ఓంలు, ఎల్ 1 హెన్రీ, సీ 0.05 ఫారడ్ ఉన్న సిరీస్ సర్క్యూట్‌కు 1, 4, 20 ఇస్తే −2±4ఐ. అండర్‌డ్యాంప్డ్ (ఊగిసలాడుతూ తగ్గేది) అని అక్కడికక్కడే తేలిపోతుంది.

ఎక్కువ మార్కులు పోయేది మాత్రం డిగ్రీ, రేడియన్ దగ్గర. 10 కాస్(100టీ+30°) విలువ 10 మిల్లీసెకండ్ల దగ్గర కావాలి. 100టీ అంటే 1 రేడియన్, అంటే 57.3°. మొత్తం 87.3°, జవాబు 0.47 వోల్టులు. ఆ 1ని డిగ్రీ అనుకుని 31° వేస్తే 8.57 వోల్టులు వస్తుంది. తప్పు మెషిన్‌ది కాదు, అది ఏ ఎర్రరూ చూపించదు. ఫేజర్లకు (10∠0° లాంటి పరిమాణం, కోణం రూపాలకు) ఎప్పుడూ డిగ్రీలోనే ఉంచి (షిఫ్ట్, మోడ్, 3), ఒమేగా-టీని ముందే 180÷π తో గుణించుకోవడం మంచిది. ఫోరియర్ కోఎఫిషియంట్లను ఇంటిగ్రల్ కీతో సరిచూసేటప్పుడు మాత్రం రేడియన్‌లోకి మారాలి. తర్వాత మళ్లీ వెనక్కి మార్చడం మర్చిపోవద్దు.

లోపాలూ ఉన్నాయి. కాంప్లెక్స్ సంఖ్యకు వర్గమూలం అడిగితే మ్యాథ్ ఎర్రర్ అంటుంది. ట్రాన్స్‌మిషన్ లైన్ లెక్కల్లో √(జెడ్×వై) (జెడ్ ఇంపిడెన్స్, వై అడ్మిటెన్స్) కావాలంటే ముందు లబ్ధం పోలార్‌లో తీసి, పరిమాణానికి వర్గమూలం, కోణంలో సగం చేతితో చేసుకోవాలి: 16∠60° అయితే 4∠30°. పైగా ఈఎన్‌జీ కీ 'ఐ'కి పోయింది కాబట్టి మిల్లీ, మైక్రోల్లోకి మార్చుకునే సౌకర్యం ఈ మోడ్‌లో ఉండదు.

సీడబ్ల్యూలో మెనూలు, కీల అమరిక మార్చేశారు. పాత మోడల్‌కు అలవాటు పడిన వేళ్లు పరీక్ష ముందు వారం దానికి మారకపోవడమే మేలు.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లకు ఇంకో సంగతి. అక్కడ సొంత క్యాలిక్యులేటర్ పనికిరాదు, తెరమీద ఉండే వర్చువల్ క్యాలిక్యులేటరే వాడాలి. దానికి కాంప్లెక్స్ మోడ్ లేదు. ఈఎస్ ప్లస్ −3+జే4ను తనంతట తానే 5∠126.87° అని చెబుతుంది; అక్కడ మాత్రం 4÷(−3)కి టాన్ ఇన్వర్స్ తీస్తే −53.13° వస్తుంది. రియల్ పార్ట్ మైనస్ అయితే దానికి 180 కలపాలి.