బరంపురంలో వేయించిన నిశ్చితార్థం కార్డు

మా మేనకోడలి నిశ్చితార్థానికి బరంపురం బడాబజారులో ఒక షాపులో శుభాకాంక్షల కార్డు వేయించాను. పెళ్ళికొడుకు వాళ్ళు ఒడియా వాళ్ళు, అందుకే రెండు భాషల్లో. ఒడియాలో ఈ వేడుకను 'నిర్బంధ' అంటారు. మనకేమో ఆ మాటకి బంధించి ఉంచడమని అర్థం! మొదటి ప్రూఫులో తెలుగు వైపు కూడా అదే పడింది. ఓనరు గారు విసుక్కోకుండా 'నిశ్చితార్థం' అని మార్చారు, అమ్మాయి పేరు ముందు చి.ల.సౌ., అబ్బాయికి చి. పెట్టించారు. ఒత్తులు ఎక్కడా విరగలేదు. కాగితమే కాస్త పలచన.

లోపల నేను రాసింది ఇంతే: "రెండు భాషలు మాట్లాడే ఇల్లు కట్టుకోండి. నూరేళ్ళు చల్లగా ఉండండి."

తాంబూలాలు మార్చుకున్నాక అబ్బాయి నాయనమ్మ ఆ కార్డు రెండుసార్లు చదివించుకుని, కొంగున దాచుకుంది.