సొంతూరి చర్చికి మోసుకెళ్లే కీబోర్డు: కేసియో సీటీ-ఎస్300 రివ్యూ

ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. క్రిస్మస్‌కి ఊరు బయల్దేరే ముందే అయ్యగారి ఫోను వస్తుంది: "ఈసారి ఆరాధనలో కీబోర్డు నువ్వే." ఊరి చర్చిలో ఉన్నదేమో నాలుగు మెట్లు పలకని పాత పెట్టె. అలాంటివాళ్లకు ఈ కీబోర్డు బాగా సరిపోతుంది. ఇంట్లో రోజూ సాధనకు ఉండే పెద్ద కీబోర్డుకి బదులుగా మాత్రం కొనకండి.

బరువు 3.3 కిలోలు. పొడవు 93 సెంటీమీటర్లు, మందం 7 పైచిలుకు. వెనకవైపు పట్టుకోవడానికి పిడి బాడీలోనే ఉంది. 61 మెట్లూ పూర్తి సైజువే, వేలి ఒత్తిడికి తగ్గట్టు శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. స్లీపర్ కోచ్‌లో లోయర్ బెర్త్ కింద పడుకోబెట్టొచ్చు, మెట్లు పైకి ఉండాలి. బస్సు డిక్కీలో వేస్తే పైన ఇంకెవరి సూట్‌కేసూ పడకుండా చూసుకోండి. 61 మెట్ల బ్యాగులు చాలావరకు దీనికి వదులుగా ఉంటాయి. లోపల అటూఇటూ జారితే మూలలు దెబ్బతింటాయి, వాల్యూమ్ నాబ్ మీద ఒత్తిడి పడుతుంది. రెండు చివర్లా తువ్వాళ్లు కుక్కితే కదలదు. విమానంలో క్యాబిన్ బ్యాగేజీ కొలతల్లో ఇది పట్టదు, చెక్-ఇన్‌లో వేయాలంటే గట్టి పెట్టె కావాలి.

కరెంటు విషయంలో దీనికి మంచి మార్కులు వేయాలి. 6 పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. ఆల్కలైన్ సెల్స్‌తో సుమారు 16 గంటలని కంపెనీ లెక్క. సౌండు పెంచి వాయిస్తే అంత రాదు, అయినా రెండు ఆరాధనలకు, ఒక కుటుంబ ప్రార్థనకు ఢోకా లేదు. ఊరి కొట్లో దొరికే చవక కార్బన్ సెల్స్ వేయొద్దు. త్వరగా నీరసించి పాట మధ్యలోనే కీబోర్డు ఆగిపోతుంది. అడాప్టర్ 9.5 వోల్టులది. అది మర్చిపోయి వెళ్లామని వేరే కీబోర్డుది 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి గుచ్చితే లోపలి బోర్డు పోయే ప్రమాదం ఉంది.

చర్చిలో అసలు తిప్పలు మొదలయ్యేది మైక్‌సెట్ దగ్గర. లోపలి స్పీకర్లు 2+2 వాట్లు. ఇంట్లో 15, 20 మంది కూర్చున్న కూడికకు చాలు, సంఘం గొంతెత్తితే వినపడవు. బయటికి సౌండు పంపడానికి ఉన్నది 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే, అది స్టీరియో. మిక్సర్‌లో ఉండేది పెద్ద 6.3 రంధ్రం, చాలా మిక్సర్లలో అది బ్యాలెన్స్‌డ్ రకం, అంటే పిన్నులోని రెండు తీగల్లో వచ్చే శబ్దాల తేడానే తీసుకుంటుంది. రెండు చివర్లా స్టీరియో పిన్ను ఉన్న కేబుల్ నేరుగా కలిపితే మిక్సర్ ఎడమ శబ్దంలోంచి కుడి శబ్దాన్ని తీసేస్తుంది. రెండింట్లో ఒకేలా ఉన్నదంతా కొట్టుకుపోయి పియానో డొల్లగా, దూరంగా వినిపిస్తుంది. ఆపరేటర్ కీబోర్డు పాడైందంటాడు, నిజానికి తేడా కేబుల్‌ది. ఒక పక్క 3.5 స్టీరియో పిన్ను, మరో పక్క రెండు 6.3 మోనో పిన్నులు ఉన్న వై కేబుల్ వాడాలి. రెండు ఛానెళ్లు ఖాళీ లేకపోతే ఎడమ పిన్ను ఒక్కటే పెట్టండి.

చిన్న రంధ్రం కాబట్టి బరువైన కన్వర్టర్ వేలాడదీస్తే వదులైపోతుంది. కేబుల్‌ని పిడికి ఒక చుట్టు చుట్టి తర్వాత గుచ్చండి, ఎవరి కాలు తగిలినా లాగుడు పిడి మీద పడుతుంది. పిన్ను గుచ్చగానే లోపలి స్పీకర్లు ఆగిపోతాయి, అందుకని వాయించేవాళ్ల వైపు ఒక మానిటర్ స్పీకర్ తిప్పమని ముందే అడగాలి. గుయ్‌మని హమ్ వస్తే అడాప్టర్ తీసేసి సెల్స్ మీద నడపండి. హమ్ ఆగితే తేడా అడాప్టర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉన్నట్టు.

వాక్యం నడిచేటప్పుడు జాగ్రత్త. కొంతసేపు ముట్టుకోకపోతే కీబోర్డు దానంతటదే ఆఫ్ అవుతుంది. ప్రసంగం అయ్యి ముగింపు పాటకు చెయ్యి వేస్తే శబ్దం ఉండదు. ఆటో పవర్ ఆఫ్‌ని ఇంటి దగ్గరే ఫంక్షన్ మెనూలో తీసేయండి. కావలసిన టోను, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్పు), టెంపో పెట్టుకుని మై సెటప్‌లో భద్రం చేసుకుంటే ఒక్క నొక్కుతో తిరిగొస్తాయి.

శ్రుతి సంగతి. పాత కీర్తనలు పెద్దవాళ్లు పాడేటప్పుడు ఒకటిన్నర, రెండు దగ్గర హాయిగా ఉంటుంది, అంటే సి షార్ప్, డి. తెల్లవారుజామున గొంతులు ఇంకా దిగుతాయి. ట్రాన్స్‌పోజ్‌తో ఒక్కో అరమెట్టు జరపొచ్చు. పాట అవగానే సున్నాకి తేవడం మర్చిపోతే తర్వాతి పాటలో గిటార్‌తో కలవదు. చర్చిలో పాత హార్మోనియం ఉంటే అది కీబోర్డుల మామూలు శ్రుతి 440 హెర్ట్జ్‌కి ఉండకపోవచ్చు. హార్మోనియాన్ని అక్కడికక్కడ మార్చలేం, ట్యూనింగ్‌లో కీబోర్డునే దాని దగ్గరికి తేవాలి. చాపు తాళం కీర్తనలకు ఆటో రిథమ్ ఆపేసి, లయ డోలక్‌కి వదిలేయండి.

లోపాలూ ఉన్నాయి. ఒకేసారి పలికేది 48 స్వరాలే. సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా స్వరం మోగుతూ ఉండేలా చేసేది) నొక్కిపెట్టి నిండుగా వాయిస్తే ముందు స్వరాలు తెగిపోవడం వినపడుతుంది. పియానో మెట్ల బరువు ఇందులో ఆశించొద్దు. పెడల్ విడిగా కొనాలి. కొన్నది తిరగబడి పనిచేస్తే, అంటే నొక్కితే ఆగి వదిలితే మోగితే, పెడల్ అడుగున పొలారిటీ స్విచ్ ఉందేమో చూసి మార్చండి.

స్టాండు మోయక్కర్లేదు, చర్చి బల్ల చాలు. కింద దుప్పటి పరవండి, లేకపోతే మెట్ల చప్పుడు పక్కనున్న మైకులోకి వెళ్తుంది. కేరల్స్‌కి రాత్రిపూట వీధుల్లో తిప్పితే మంచు పడుతుంది. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిచి, చెమ్మ ఆరేదాకా బ్యాగులో పెట్టకండి. తిరుగు ప్రయాణానికి ముందు సెల్స్ తీసేయడం మర్చిపోవద్దు, మళ్లీ ఈస్టర్ దాకా తెరవకపోతే కారిపోయి స్ప్రింగులకు తుప్పు పడుతుంది.