ఇంటిల్లిపాదీ చూడటానికి: బలగమా, నైంటీసా?

రెండూ మన ఇళ్ల కథలే. వేణు యెల్దండి దర్శకుడిగా తీసిన తొలి సినిమా 'బలగం' 2023లో వచ్చింది. శివాజీ లెక్కల మాస్టారుగా చేసిన '#నైంటీస్' సిరీస్ 2024 జనవరిలో ఈటీవీ విన్ ఓటీటీలో వచ్చింది.

సిరీస్ తేలిగ్గా సాగిపోతుంది. ఆరే ఎపిసోడ్‌లు. మార్కుల టెన్షన్, ఉప్మా అనగానే ముఖాలు మాడ్చుకునే పిల్లలు, చదువబ్బని చిన్నోడు ఆదిత్య... పిల్లలకు భలే నచ్చుతుంది. కాకపోతే ఒక్కో చోట పాత రోజుల మురిపెం మీదే బండి నడిపించేశారనిపించింది.

బలగం అలా కాదు. తాత కొమురయ్య పోతాడు. పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఎప్పుడో భోజనాల్లో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక, బావాబామ్మర్దులను ఏళ్ల తరబడి విడదీసి ఉంచుతుంది. ఇంత చిన్నదానికా అనిపిస్తుంది గానీ, మన చుట్టాల్లో తెగిన మాటలన్నీ ఇలాంటివే కదా! చివర్లో జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట అందుకున్నాక మా ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టలేదు. ఆ తెలంగాణ యాస, ఆ ఏడుపు, అన్నీ నిజం.

రోజుకో ఎపిసోడ్ చొప్పున భోజనాల వేళకైతే నైంటీస్ పెట్టుకోండి. అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ కలిసిన రోజున మాత్రం బలగమే చూడాలి.