ఉచితంగా కారు కడిగారు, బానెట్ నిండా గీతలు మిగిల్చారు

మా కార్ టూర్‌లో కొండ దారి, జలపాతాలు, మధ్యలో ఆగిన ఊళ్లు అన్నీ సాఫీగా గడిచిపోయాయి. సముద్రం ఒడ్డున దిగిన లాడ్జి గురించి మాత్రం చెప్పి తీరాలి.

గదికి వంక పెట్టలేను. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. గదితో పాటు కార్ వాష్ ఉచితమని రిసెప్షన్‌లో గొప్పగా చెప్పారు. పొద్దున్నే నేను కిందికి దిగేసరికే పని సగం అయిపోయింది. ఒకటే బకెట్, అందులో బూడిద రంగు నీళ్లు, ఒక పాత గుడ్డ. చక్రాలు తుడిచిన గుడ్డనే పిండి, దాంతోనే డోర్లు రుద్దుతున్నాడు కుర్రాడు. బానెట్ మీద నీళ్లు కూడా పోయలేదు. రాత్రంతా గాలికి వచ్చి పడిన ఇసుకను పొడిగా ఉండగానే ఆ గుడ్డతోనే గుండ్రంగా తుడిచేశాడు.

మాది నల్ల కారు. ఎండ పడగానే బానెట్ అంతా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు తేలాయి. ఒకటి రెండు చోట్ల గోటితో రాస్తే గీత గోటికి తగులుతోంది కూడా. గోటికి తగిలిందంటే గీత బాగా లోతుగా పడిందన్నమాట. మేనేజర్‌ని పిలిచి చూపిస్తే, "దుమ్ము పోయింది కదా సార్, ఎండలో ఏ కారైనా ఇలాగే కనిపిస్తుంది" అన్నాడు. మా మామయ్యకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది, లాబీలోనే చాలాసేపు వాదించారు. "పోనీలెండి, పిల్లల ముందు గొడవెందుకు" అని మా ఆవిడ అందరినీ బయల్దేరదీసింది. ఆ పూట కార్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఒక బకెట్, ఒక గుడ్డ చేతికిచ్చి అన్ని కార్లూ కడగమన్నది యాజమాన్యం. రంగు మీద ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శక పొర మందం చాలా కార్లకు దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ఇసుక దానికంటే గట్టిది. పాలిష్ చేసి గీతలు పోగొట్టడమంటే ఆ పొరనే కొద్దికొద్దిగా అరగదీయడం. అందుకే ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు పాలిష్ చేయించలేం.

తిరుగు దారిలో హైవే పక్కన ఒక చిన్న వాషింగ్ సెంటర్ కనిపించింది. నాకు భయంగానే ఉంది కానీ, అద్దం నిండా పురుగులు, డోర్ల మీద ఉప్పు. ఆపక తప్పలేదు. అక్కడి ఆయన ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "వేడిగా ఉంది, కాసేపు నీడలో పెట్టండి. ఇప్పుడే కడిగితే షాంపూ ఆరిపోయి మరకలు పడతాయి" అన్నారు. ఆ మాటతోనే నా టెన్షన్ సగం తగ్గింది.

ముందుగా చక్రాలు, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్. తర్వాత ప్రెషర్ గన్‌ని అడుగు దూరానికి పైనే పట్టుకుని బండంతా తడిపారు. నురుగు కొట్టి, ఆరిపోకముందే మళ్లీ నీళ్లు కొట్టారు. వదులుగా ఉన్న మట్టంతా చెయ్యి తగలకుండానే జారిపోయింది. ఆ తర్వాతే మైక్రోఫైబర్ గ్లవ్ తీశారు. ఒక బకెట్‌లో షాంపూ, రెండో దాంట్లో మంచినీళ్లు, అడుగున మట్టి కిందికి దిగిపోయేలా జాలీ. ఒక్కో భాగం రుద్దగానే గ్లవ్‌ను మంచినీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచుతున్నారు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి వచ్చారు. మధ్యలో గ్లవ్ చెయ్యి జారి నేల మీద పడింది. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తీసుకున్నారు. చివర్లో మందపాటి టవల్ పరిచి నీళ్లు పీల్చనిచ్చారు తప్ప గట్టిగా తుడవలేదు.

దారిలో ఇంకోచోట అడిగిన రేటుకు ఇది రెట్టింపు. గంట పైనే పట్టింది, పిల్లలు విసుక్కున్నారు. అయినా ఇచ్చిన ప్రతి పైసా న్యాయమే. మామయ్య మళ్లీ నవ్వింది అక్కడే.

లాడ్జిలో దిగేటప్పుడే "మా బండి ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పండి. దుమ్ము ఉన్నంత మాత్రాన గీతలు పడవు, పొడిగా తుడిస్తే పడతాయి. తిరిగే బ్రష్‌లున్న ఆటోమేటిక్ వాష్‌లకూ నేను వెళ్లను, మనకంటే ముందు కడిగిన కారు మట్టి ఆ బ్రష్‌లలోనే ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు వాడితే మైనపు పూత పోతుంది, కారు షాంపూనే వాడాలి. పిట్ట రెట్ట పడితే మాత్రం ఇంటికెళ్లేదాకా ఆగకండి, అది రంగును తినేస్తుంది. తడి గుడ్డ దాని మీద కాసేపు పరిచి, మెత్తబడ్డాక రుద్దకుండా పైకి ఎత్తేయండి. ఇందుకోసం ఒక నీళ్ల సీసా, రెండు మూడు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు కవర్లో చుట్టి డిక్కీలో పెట్టుకుంటే చాలు.