బందరు యాత్ర: లాడ్జిలో పోయిన 900, పెడనలో కలిసిన చుట్టరికం

బందరు (మచిలీపట్నం) పోయేవాళ్లకు ముందే ఒక మాట చెప్తున్నా. గది మాట్లాడుకునేటప్పుడు ఫోన్లో "24 గంటలండీ" అంటే నమ్మకండి. డబ్బు కట్టేముందే గది ఎప్పుడు ఖాళీ చేయాలో రసీదు మీద రాయించుకోండి. అది తెలియక మాకు 900 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అటుంచితే, మోకాళ్లు వంగని మా అమ్మను రాత్రి పదిన్నరకు రెండు అంతస్తులు ఎక్కించిన బాధ ఇంకా పోలేదు.

మాది నల్లగొండ. అమ్మ పుట్టిల్లు పుట్టపాక, మెట్టినిల్లు గట్టుప్పల్. నలభై ఏళ్లు ఆసు పోసింది, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పే పని. ఒక్క చీరకు దారాన్ని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు. మోకాళ్లను మా బోర్ల ఫ్లోరైడ్ నీళ్లు తినేశాయి. అందుకే ఏ ఊరు పోయినా అమ్మ మొదట అడిగేది ఒక్కటే: "నీళ్లు ఎట్లున్నయ్ బిడ్డా?"

బందరు ఆలోచన మా పాపది. తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారని ఎక్కడో చదివి, ఫోన్లో మ్యాపు తీసి చూసింది. "డాడీ, మనం నకిరేకల్ దగ్గర ఎక్కే హైవే పోయి పోయి అక్కడే ఆగుతది" అంది. నిజమే. పుణె నుంచి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి చివరి ఊరు బందరే. గోల్కొండ సుల్తానుల ఓడరేవు అది. ఆ రాజ్యంలో నేసిన బట్టలు, తవ్విన వజ్రాలు అక్కడే ఓడలెక్కాయి. చిన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీద తిరుగుతూ దాని చివర ఎప్పుడూ చూడలేదే అనిపించింది.

డిసెంబరు రెండో శనివారం కలిసొచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు నేను, మా ఆమె, పాప, అమ్మ సొంత కారులో బయల్దేరాం. సుమారు 260 కిలోమీటర్లు. కోదాడలో టీ, ఉయ్యూరులో ఇడ్లీ. రానూ పోనూ, అక్కడ తిరిగినదానితో కలిపి డీజిల్ 3,300, టోల్ వేరు.

ఇక లాడ్జి. పేరు రాయను. ఫోన్లో చెప్పింది ఇది: ఏసీ గది 1,800, ఎక్స్‌ట్రా బెడ్ 400, లిఫ్ట్ ఉంది, 24 గంటలు. వెళ్లేసరికి లిఫ్ట్ ముందు ప్లాస్టిక్ కుర్చీ అడ్డం పెట్టి ఉంది. "రేపు మెకానిక్ వస్తాడండి" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి. పెద్దావిడ ఉంది, కింద గది ఇవ్వమంటే ఒక్కటీ ఖాళీ లేదన్నాడు. అంత రాత్రి ఇంకో లాడ్జి వెతికే ఓపిక ఎవరికీ లేదు. అమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, నిలబడి, మళ్లీ ఎక్కింది. పాప పక్కనే ఉండి లెక్కపెట్టింది, 38 మెట్లు. ఫోన్లో లిఫ్ట్ చెడిపోయిందని ఒక్క మాట చెప్పి ఉంటే విజయవాడలోనే ఆగేవాళ్లం.

గదిలో అడుగుపెట్టగానే అమ్మ నల్లా తిప్పి, నీళ్లు పుక్కిట పట్టి ఊసేసింది. "ఉప్పు కషాయం." సముద్రం పక్క ఊరిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, దానికి లాడ్జివాళ్లు ఏం చేయలేరు. కానీ తాగడానికి ఒక నీళ్ల క్యాను వరండాలో పెట్టొచ్చు కదా. పెట్టలేదు. బయట 20 రూపాయలకు దొరికే లీటరు సీసా కౌంటర్లో 30. రాత్రిపూట నాలుగు కొన్నాను.

పొద్దున పావు తక్కువ ఎనిమిదికి తలుపు కొట్టారు. "ఎనిమిదికి చెకౌటండీ. ఉంటే ఇంకో రోజుకు కట్టాలి." కిందికి పోయాను. రాత్రి అబ్బాయి లేడు, నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. రాత్రి పదిన్నరకు దిగాను, 24 గంటలన్నారు కదా అన్నాను.

"24 గంటలంటే ఎనిమిది నుంచి ఎనిమిదండీ. మా దగ్గర అంతే."

"అట్లయితే నేనున్నది తొమ్మిదిన్నర గంటలే కదా?"

ఆ మాటకు జవాబు లేదు. రిజిస్టరు తిప్పి, అట్ట మీద అంటించిన చిన్న అక్షరాల కాగితం చూపించాడు. పాప ఇంకా నిద్ర లేవలేదు, అమ్మ స్నానం కాలేదు. అరగంట వాదించాక సగం రోజు అద్దె, 900 తీసుకుని పదకొండు దాకా ఉండనిచ్చాడు. మా ఆమె నా మీదే కోపం చేసింది, రాత్రే గట్టిగా అడగాల్సిందని. అమ్మ మాత్రం మెట్లు దిగుతూ "ఎవని పాపం వానికే, నడు బిడ్డా" అంది. ఆ గొంతులో నొప్పి వినబడి నా కోపం ఇంకా పెరిగింది.

కోనేరు సెంటర్ వైపు వెతికితే కింది అంతస్తులో గది 1,400కే దొరికింది. వరండాలో నీళ్ల క్యాను, పక్కనే గ్లాసు. అడగకముందే ఆ లాడ్జి ఆయన రసీదు మీద "ఆదివారం సాయంత్రం 5 వరకు" అని రాసిచ్చాడు. ఒకే ఊరు, కారులో ఐదు నిమిషాల దూరం.

బందరు కోట దగ్గరికి దేవరకొండ, భువనగిరి చూసిన కళ్లతో పోకండి, కోట ఏదీ అని వెతుక్కుంటారు. కూలిన ఇటుక గోడలు, గంట స్తంభం, పిచ్చి చెట్లు. కానీ ఆ మట్టి సంగతి తెలిసి నిలబడితే వేరుగా ఉంటుంది. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, ముగ్గురూ ఈ ఊరి కోసం కొట్టుకున్నారు. 1632లో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువాళ్లకు ఏడాదికి 500 వరహాల సుంకం మీద తన రేవుల్లో వ్యాపారానికి ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చాడు. 1759లో వాళ్లే ఫ్రెంచివాళ్ల నుంచి కోటను గుంజుకున్నారు. తర్వాత 1864 నవంబరు 1 రాత్రి తుపానులో సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. బందరు మళ్లీ ఆ వైభవానికి లేవలేదు. ఇది చెప్పినప్పుడు పాప ఏమీ అనలేదు, అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది.

డచ్చి సమాధులు తప్పక చూడండి. 17వ శతాబ్దపు రాళ్లు, వాటి మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు. ఎండ ముదరకముందే పోవాలి.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం 130, పండుగప్ప పులుసు విడిగా 220. మా ఇంట్లో చేపల పులుసంటే మసాలా ముందు, చేప తర్వాత. ఇక్కడ చింతపండు, మిర్చి వెనక్కి తగ్గి చేప రుచి నేరుగా నాలుకకు తగులుతుంది. ముక్క పెద్దది, వేలితో తాకితే పొరలుగా విడిపోయింది. అమ్మ శనివారం నీసు తినదు. పప్పు, గోంగూర, గడ్డ పెరుగుతో తిని "అన్నం మంచిగున్నది" అంది. అమ్మ నోట అది పెద్ద మెప్పు.

సాయంత్రం పెడన పోయాం, బందరుకు పది కిలోమీటర్లు. కలంకారీ అద్దకపు షెడ్డు ఒకటి తెరిచి ఉంటే లోపలికి రావచ్చా అని అడిగాను. నలభై ఏళ్ల ఆయన, "రండి, చెప్పులు అక్కడ వదలండి" అన్నాడు.

పొడవాటి బల్ల మీద గోనె పరిచి, దాని మీద బట్ట పరిచాడు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట, లేత పసుపు. టేకు అచ్చును రంగు తొట్టిలో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో రెండు దెబ్బలు. తీసేసరికి గీతలు గోధుమ రంగులో ఉన్నాయి. చూస్తుండగానే నల్లబడ్డాయి. పాప నోరు తెరిచింది.

అమ్మ చూపు మాత్రం బట్ట మీద లేదు. మూలన మూతపెట్టిన కుండ దగ్గరికి పోయి వంగి వాసన చూసింది. వంగలేని మనిషి వంగింది. "తుప్పు ఇనుము, బెల్లం. ఎన్నొద్దులాయె బిడ్డా నానేసి?" అని అడిగింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "మీకెలా తెలుసండీ?"

పుట్టపాకలో తేలియా రుమాలుకు (నూనెలో నానబెట్టిన దారంతో నేసే గుడ్డ) నల్ల రంగు కూడా ఇట్లాగే తీస్తారు. మేం నేయకముందు దారానికి రంగు పట్టిస్తాం, వాళ్లు నేసిన బట్టకు పట్టిస్తారు. పటిక పట్టిస్తేనే ఎరుపు రంగు నిలవడం రెండుచోట్లా ఒకటే. ఇక నన్నెవరూ పట్టించుకోలేదు. అమ్మకు ముక్కాలి పీట వేశాడు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి ఎట్లా నానబెడతారో అమ్మ చెప్తుంటే ఆయన అచ్చు చేతిలో పట్టుకునే విన్నాడు. తర్వాత ఆయన చెప్పాడు: పటిక అద్దిన బట్టను పారే నీళ్లలోనే జాడించాలట. నిలవ నీళ్లయితే వదిలిన పటిక పక్కకు అంటి, ఉడకబెట్టినప్పుడు ఎర్ర మరకలు పడతాయి. "కాలువ పారితేనే మాకు పని అమ్మగారూ."

"మాకైతే నీళ్లే సరిగ్గ లేకుండె బిడ్డా" అంది అమ్మ. చాలాసేపు ఇద్దరూ నీళ్ల గురించే మాట్లాడుకున్నారు.

సహజ రంగుల కాటన్ మీటరు 220 లెక్కన ఆరు మీటర్లు, దుప్పటి ఒకటి 1,350. బేరం ఆడబుద్ధి కాలేదు, ఆయనే 70 తగ్గించాడు. బందరు షాపుల్లో 120కే అమ్మేది చాలావరకు స్క్రీన్ ప్రింటు. గుర్తుపట్టడం తేలిక: చేతి అద్దకంలో ఒక అచ్చు, ఇంకో అచ్చు కలిసే చోట గీత వెంట్రుకవాసి తప్పుతుంది. స్క్రీన్‌లో తప్పదు. తప్పిందే కొనండి. తిరిగొస్తూ కారులో మా ఆమె పాట అందుకుంది. పొద్దున లాడ్జి నుంచి మొదలైన కోపం అక్కడ తీరింది.

ఆదివారం మంగినపూడి బీచ్. నల్ల మట్టి ఇసుక, లోతు తక్కువ, అలల అందం మాత్రం పెద్దగా ఆశించకండి. చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ కమ్మలు 250కి రెండు జతలు.

బందరు లడ్డు మాత్రం పక్కా కొనాలి. కిలో నెయ్యిది 520. శనగపిండి కారప్పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు, అందుకే తొక్కుడు లడ్డు అంటారు. పళ్లు లేనివాళ్లు కూడా తినొచ్చు. అట్టపెట్టె మీద తారీఖు చూసి, ఆ వారం చేసిందే అడగండి.

సాయంత్రం నాలుగుకు గది ఖాళీ చేశాం. రసీదు ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు అమ్మ ట్రంకు పెట్టె తీసి, అడుగున మడిచి పెట్టిన పాత తేలియా రుమాలు ముక్క ఒకటి బయటికి తీసింది. పెడన ఆయన ఆ పేరు విన్నాడు గానీ చేత్తో పట్టుకోలేదన్నాడట. కొరియర్‌కు 110 అయ్యింది. అందిన రోజు ఆయనే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి అమ్మకు ఇచ్చాను.

"అందిందండీ పెద్దమ్మగారూ. ఎన్నేళ్లదండీ ఇది? నూనె వాసన ఇంకా ఉంది."

"నా పెండ్లికి మా నాయన నేసిండు" అంది అమ్మ. "ఉతుకు, ఏం కాదు. రంగు పోదు."